పదిహేడో పెట్టెకు నేను పెట్టిన సంతకం

నల్లి లూసీ సువర్త అనే నేను, కీర్తిశేషులు నల్లి సుందర్ రాజ్ గారి భార్యను, వయసు డెబ్భై మూడు, పుట్టిన ఊరు నరసాపురం, ప్రస్తుత నివాసం వర్జీనియా రాష్ట్రం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ షాంటిలీ, ఈ వీలునామాను నా చేతి రాతతో రాసుకుంటున్నాను. నా ఒంట్లో జబ్బుంది. అది కాలేయం దాకా వచ్చిందని డాక్టరు జనవరిలో చెప్పారు. బుద్ధికి జబ్బేమీ లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, పక్కన కూర్చుని చెప్పి రాయించలేదు. 2012లో రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. దాని నకలు తెచ్చి ఎవరైనా చూపిస్తే, అది వాళ్ళ చేతికి ఎలా వచ్చిందో ముందు అడగండి.

దీన్ని ఇంగ్లీషులోకి మార్చే పని కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకులు చేయాలి. మా బంధువులెవరూ చేయకూడదు. రెండింటికీ తేడా వస్తే తెలుగులో ఉన్నదే నా మాట.

1. ఈ వీలునామాను అమలు జరిపే ఎగ్జిక్యూటర్‌గా నార్త్ కరోలినాలోని క్యారీలో ఉంటున్న సుధను నియమిస్తున్నాను. సుధ నాకు బంధువు కాదు. మ్యూజియంలో నాతో పనిచేసిన కృష్ణమోహన్ కూతురు. ఆమె వర్జీనియాలో ఉండదు గనుక, చట్టం అడిగే స్థానిక ప్రతినిధిగా మా లాయరు ఉంటారు. నా పిల్లలు జూడ్, ఫెబీ దీనికి నొచ్చుకుంటారని తెలుసు. కారణం ఆరో అంశంలో రాశాను. అది పూర్తిగా చదవకుండా నా మీద కోపం తెచ్చుకోవద్దు.

2. షాంటిలీలో నేనుంటున్న ఇల్లు జూడ్‌కు, ఫెబీకి చెరి సగం. అమ్మినా ఉంచినా వాళ్ళ ఇష్టం. ఒక్క షరతు. బేస్‌మెంట్‌లో ఉన్నవాటిని సుధ వచ్చి చూసి, జాబితా రాసి, సంతకం పెట్టేవరకు దాని తాళం ఎవరికీ ఇవ్వకూడదు. జూడ్, నీ గురించే ఈ మాట రాస్తున్నాను. 2018లో నేను చర్చి రిట్రీట్‌కు వెళ్ళిన రెండు రోజుల్లో నువ్వు బేస్‌మెంట్ క్లీన్ చేస్తానని దిగి, నా పెట్టెలు రెండు రీసైక్లింగ్ డబ్బా పక్కన పెట్టావు. నేను ఒక పూట ముందు తిరిగొచ్చాను గనుక దొరికాయి. "మామ్, ఇట్స్ జస్ట్ ఓల్డ్ పేపర్, ఎవరు చూస్తారు ఇవన్నీ?" అన్నావు. నిన్ను ఎవరో పంపించారని నేను ఆరు నెలలు అనుమానించాను. నా కడుపున పుట్టినవాణ్ణి. ఎవరూ పంపలేదని ఇప్పుడు తెలుసు. అయినా తాళం సుధ దగ్గరే ఉంటుంది.

3. మా అమ్మ అల్లిన లేసు బల్లగుడ్డ, నా పుస్తెలు, తెలుగు బైబిలు ఫెబీకి. బల్లగుడ్డను వాషింగ్ మెషీన్‌లో వేయకు. నరసాపురంలో మా అమ్మ లేసు అల్లితే, వారానికోసారి ఏజెంటు వచ్చి ఒక్కో పువ్వూ వెలుగులో పెట్టి చూసేవాడు. తప్పిన ముడి కనిపిస్తే కూలి కోసేవాడు. అందుకని వాడొచ్చే ముందు నేను చూసి తప్పులు పట్టేదాన్ని. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. నాకు అన్నం పెట్టింది ఆ చూపే. మనుషుల్ని కూడా అలాగే చూడడం అలవాటైంది. అది మాత్రం మా అమ్మ నేర్పలేదు.

4. సుందర్ రాజ్ చేతి గడియారం, ఆయన పాటల పుస్తకం జూడ్‌కు. నా కారు చర్చికి. నా బ్రెడ్ మెషీన్ గురించి మా పక్క వీధి బ్రహ్మయ్య గారు మూడుసార్లు అడిగారు. ఆయనకు ఇవ్వకూడదు. ఇంకెవరికిచ్చినా సరే.

5. మ్యూజియంలో పనిచేసిన ఇరవై రెండేళ్ళలో నేను సొంతంగా రాసుకున్న పదకొండు ఆకుపచ్చ నోటు పుస్తకాలు బేస్‌మెంట్ బీరువాలో ఉన్నాయి. ఏడోది ఎవరికో ఎనిమిదో అంశంలో ఉంది. మిగతా పదీ సుధ దగ్గర ఉండాలి. మ్యూజియానికి ఇవ్వకూడదు. లాయరు సలహా మీద ఆ మ్యూజియం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ అప్పట్లో డైరెక్టరుగా చేసినాయన 2021లో ఫోన్ చేసి, "జ్ఞాపకం కోసం ఒకసారి చూసి ఇచ్చేస్తాను" అన్నారు. ఇరవై రెండేళ్ళలో నా రాతను ఒక్కసారి కూడా చూడని మనిషికి అప్పుడే జ్ఞాపకాలు ఎందుకు పొంగుకొచ్చాయో నాకు అర్థం కాలేదు. ఆయన గానీ, ఆయన తరఫున మర్యాదగా మాట్లాడే ఎవరైనా గానీ వస్తే, కాఫీ ఇచ్చి పంపించండి. పుస్తకాలు ఇవ్వద్దు.

6. ఇప్పుడు అసలు సంగతి. ఇది ఆస్తి పంపకం కాదని లాయరు అన్నారు. నేను పంచవలసినవాటిలో పెద్దది ఇదే అన్నాను.

మ్యూజియంలో నేను అసిస్టెంట్ రిజిస్ట్రార్‌ని. బయటినుంచి ఒక వస్తువు ప్రదర్శనకు వచ్చినప్పుడు, తిరిగి వెళ్ళేటప్పుడు, దాని మీద ఎక్కడ గీత పడింది, ఎక్కడ పెచ్చు ఊడింది అని చూసి రాసి, బొమ్మ గీసి, సంతకం పెట్టడం నా పని. కృష్ణమోహన్ అక్కడ పెట్టెలు చేసేవాడు. బొబ్బిలి వడ్రంగుల ఇంటి మనిషి. ఒక వస్తువును పావుగంట చేతుల్లో తిప్పి చూసి, దాని ఆకారం ఎంతో అంతే గుంటను ఫోమ్ అనే నురుగు దిమ్మలో చెక్కేవాడు. అందులో పెడితే వస్తువు కదలదు. అతని భార్య ఛాయాదేవి, నేను పన్నెండేళ్ళు ఒకరింట్లో ఒకరం చనువుగా తిరిగాం. సుధ మా వంటింటి గట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకునేది.

2004 సెప్టెంబరులో మా మ్యూజియంలో రోమన్ సైన్యం మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. నూటపన్నెండు వస్తువులు. చాలావరకు పెన్సిల్వేనియాలో ఉండే హాల్‌స్టెడ్ అనే ముసలి ధనవంతుడివి. వాటిలో మూడింటికి కృష్ణమోహన్ ఒకే పెట్టె చేశాడు. దాని నంబరు పదిహేడు. ఒకటి రోమన్ ఆశ్వికుడు ముఖానికి తొడుక్కునే కంచు ముసుగు. రెండోది బాకు ఒర. మూడోది అరచేతికన్నా కాస్త పెద్ద కంచు రేకు. పరాయి దేశంలో పుట్టి రోమ్ సైన్యంలో ఇరవై అయిదేళ్ళు కొలువు చేసిన సైనికుడికి పౌరసత్వం ఇస్తూ దాని మీద అక్షరాలు చెక్కారు. కృష్ణమోహన్‌కు అదంటే ఇష్టం. అప్పటికే తన అమెరికా పౌరసత్వానికి అప్లై చేసి ఉన్నాడు. "ఇరవై అయిదేళ్ళా మేడమ్! మనకి గ్రీన్‌కార్డు మీద అయిదే కదా, మనం నయం" అని నవ్వేవాడు.

ప్రదర్శన ముగిసింది. 2005 జనవరి 19, బుధవారం, పదిహేడో పెట్టె సర్దుతున్నాం. మూడు వస్తువులూ నేను చూశాను, రాశాను. అవి గుంటల్లో కూర్చున్నాయి. అప్పుడు కృష్ణమోహన్, "మేడమ్, ఒంటిగంటన్నర అయిపోయింది. మీరు షుగర్ టాబ్లెట్ వేసుకోవాలి కదా. తినేసి రండి, మూత నేను బిగించేస్తాను" అన్నాడు. ఫారంలో "మూత బిగించడం చూశాను, సీలు సరిచూశాను" అని ఒక వరస ఉంటుంది. దాని ఎదురుగా ముందే సంతకం పెట్టేసి భోజనానికి వెళ్ళాను. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే మూత బిగించి ఉంది, సీలు వేసి ఉంది.

మూడు వారాల తర్వాత హాల్‌స్టెడ్ లాయర్ల నుంచి ఉత్తరం వచ్చింది. పెట్టె తెరిస్తే మూడు గుంటలూ ఖాళీగా ఉన్నాయని, సీలు మాత్రం చెక్కుచెదరలేదని. అంటే దొంగ మా వైపే ఉన్నట్టు. ఇన్సూరెన్స్ కంపెనీ విచారణాధికారిని పంపింది. ఆయన నన్ను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, మూత బిగించేటప్పుడు మీరు అక్కడ ఉన్నారా అని అడిగాడు.

నేను చెప్పింది అక్షరం మారకుండా ఇదీ. "నేను అక్కడ లేను. పెట్టెలో చివరికి ఏముందో నేను చూడలేదు. అతనే నన్ను భోజనానికి పంపించాడు."

అందులో అబద్ధం లేదు. కానీ "తినేసి రండి" అన్న మాటను నేను "పంపించాడు" అని చెప్పాను. అలా చెబితే విచారణ ఎటు తిరుగుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. సంతకం ముందే పెట్టినందుకు డైరెక్టరు నాకొక హెచ్చరిక కాగితం ఇచ్చి సరిపెట్టారు. కృష్ణమోహన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. నేరం రుజువు కాలేదు, కేసు మూసేయనూ లేదు. విచారణ నడుస్తోందని అతని పౌరసత్వం ఫైలు ఆపేశారు. అది మళ్ళీ కదిలి చేతికి వచ్చేసరికి 2013 అయింది.

అంతటితో ఊరుకున్నానా? లేదు. ఆ నెలలోనే వాళ్ళు టౌన్‌హౌస్ కొనుక్కున్నారు. షాంటిలీ ఇండియన్ గ్రోసరీలో కరివేపాకు దగ్గర బ్రహ్మయ్య గారు కనిపించి సంగతి అడిగితే, "ఇల్లు కొన్నారటగా, ఎక్కడి నుంచి వచ్చిందో" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. ఆదివారానికల్లా చర్చిలో తెలిసింది, ఆ పై శనివారానికి తెలుగు బడిలో తెలిసింది. సుధకు అప్పుడు పన్నెండేళ్ళు. దాని పక్కన కూర్చోవద్దని పిల్లలకు ఇళ్ళలో చెప్పారట.

ఛాయాదేవి మా ఇంటికి ఒకసారి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "లూసీ, ఆయన తీశాడని నువ్వు నమ్ముతున్నావా? నా మొహం చూసి చెప్పు" అంది. నేను ఆమె మొహం చూడలేదు. "నేను చూసింది చెప్పాను" అన్నాను. ఆ వేసవిలో ఇల్లు అమ్మేసి క్యారీ వెళ్ళిపోయారు. అక్కడ అతను ఒక కిచెన్ క్యాబినెట్ల షాపులో చేరాడు.

సుందర్ రాజ్ ఒక్కడే నన్ను అడిగాడు. "లూసీ, అతను తీశాడని నీకు తెలుసా, అనుకుంటున్నావా?" నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన 2011లో పోయాడు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు.

నా పిల్లలు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. నేను వెతకడం మొదలుపెట్టింది పశ్చాత్తాపంతో కాదు. కృష్ణమోహన్ వాటిని ఎప్పుడో ఒకప్పుడు అమ్మకానికి పెడతాడు, అప్పుడు పట్టుకుంటాను అని. నేను అన్నది నిజమేనని రుజువు కావాలి నాకు. 2009లో మ్యూజియం వాళ్ళు పాత పెట్టెలు పారేస్తుంటే, సాక్ష్యం మాయం చేస్తున్నారని అనుమానించి, విచారణ కోసం వెనక్కి తెప్పించిన పదిహేడో పెట్టెను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ప్రతి శనివారం ఉదయం లైబ్రరీకి వెళ్ళి వేలం కంపెనీల కేటలాగులు తిరగేసేదాన్ని. పదమూడేళ్ళు. మధ్యలో డైరెక్టరును అనుమానించాను. హాల్‌స్టెడ్‌ను అనుమానించాను. ట్రక్కు డ్రైవరును కూడా. ఒక్కడిని మాత్రం అనుమానించలేదు. హాల్‌స్టెడ్ మేనల్లుడు. పెన్సిల్వేనియాలో పెట్టె తెరిచింది అతనే. సర్దేటప్పుడు మాకు కాఫీలు తెచ్చిచ్చాడు. ఏటా నాకు క్రిస్మస్ కార్డు పంపేవాడు.

2018 అక్టోబరులో ఒక న్యూయార్క్ కేటలాగులో ముసుగు కనిపించింది. ఎడమ కనుబొమ మీద విరిగిన బియ్యపు గింజంత అతుకు. ఏడో నోటు పుస్తకంలో నేను పెన్సిల్‌తో గీసిన అతుకే. లైబ్రరీలోనే ఆ పేజీ జిరాక్స్ తీసుకున్నాను. వేలం కంపెనీకి రాస్తే, అమ్మకందారు పేరు చెప్పం అని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

తర్వాత ఒర దొరికింది. పాత ఆయుధాలు సేకరించేవాళ్ళు మాట్లాడుకునే ఒక వెబ్‌సైటులో, రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేస్తున్న నిశాంత్ అనే కరీంనగర్ కుర్రాడు దాని ఫొటో పెట్టాడు. 2019 ఫిబ్రవరిలో విమానం ఎక్కి వెళ్ళాను. తలుపు సగం తెరిచి, "ఆంటీ, మీరెవరో నాకెట్ల తెలుస్తది? నేను లీగల్‌గా కొన్న. ఇన్వాయిస్ ఉంది. ఇది స్కామ్ కాదని గ్యారంటీ ఏంది?" అన్నాడు. నాకు ముచ్చటేసింది. అనుమానించాల్సిన పద్ధతి అదే. అడగాల్సిన మనిషిని, మొహం మీద అడగాలి.

గుమ్మంలోనే నిలబడి నోటు పుస్తకం తెరిచి చూపించాను. "నీ దగ్గరున్నదాని వెనక, కింది అంచు నుంచి రెండో మేకు తల సగం విరిగి ఉంటుంది. ఉంటే నన్ను లోపలికి రానివ్వు. లేకపోతే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాను" అన్నాను. అతను లోపలికి వెళ్ళాడు. అయిదు నిమిషాలకు వచ్చి తలుపు పూర్తిగా తెరిచి, "ఛాయ్ తాగుతరా ఆంటీ?" అన్నాడు.

ఇన్వాయిస్ మీద అమ్మిన కంపెనీ అడ్రస్‌గా ఒక పోస్టాఫీసు పెట్టె నంబరుంది. ఎక్కడో చూసినట్టనిపించింది. విమానంలో తిరిగి వస్తుంటే గుర్తొచ్చింది. కవర్లు పారేయడం నాకు చేతకాదు. ఇంటికి రాగానే మేనల్లుడి క్రిస్మస్ కార్డుల కవర్లు తీశాను. అదే ఊరు, అదే పెట్టె నంబరు.

అంతా ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పంపాను. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. నేను వదల్లేదు. 2021 జనవరిలో, ఆ కంపెనీ ఫిర్యాదు మీద ఇద్దరు ఫెడరల్ అధికారులు కోవిడ్ మాస్కులు వేసుకుని, న్యూయార్క్ నుంచి తెచ్చిన కంచు ముసుగును, నిశాంత్ తనంత తానే అప్పగించిన ఒరను పట్టుకుని మా బేస్‌మెంట్‌లోకి దిగారు. పదిహేడో పెట్టె తెరిచి గుంటల్లో పెట్టారు. గోరు దూరే సందు లేదు. పదహారేళ్ళ తర్వాత కూడా కృష్ణమోహన్ చెక్కిన గుంట తన వస్తువును గుర్తుపట్టింది. వాళ్ళలో మహిళా అధికారి, "హూ కట్ దిస్?" అని అడిగింది. పేరు కాగితం మీద రాసి ఇచ్చాను.

మేనల్లుడు ఒప్పుకున్నాడు. పెట్టెను ఒంటరిగా తెరిచి, మూడూ తీసుకుని, తెరిచేముందు సీలు చెక్కుచెదరలేదని, లోపల ఖాళీ అని మేనమామకు చెప్పాడు. ముసలాయన నిజంగానే నమ్మాడు. ఆయన 2015లో పోయాక ఒక్కొక్కటీ అమ్మడం మొదలుపెట్టాడు. కేసు పెట్టే గడువు దాటిపోయిందని జైలు శిక్ష పడలేదు, కంపెనీతో రాజీ చేసుకున్నాడు. కంచు రేకు ఎవరికమ్మాడో గుర్తులేదంటున్నాడు. నేను నమ్మను. మ్యూజియం నాకు రెండు వాక్యాల ఉత్తరం రాసింది. కృష్ణమోహన్‌కు ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ఆ ఏప్రిల్‌లో అదే అధికారి, నా పాత వాంగ్మూలం సరిచూసుకోమని 2005 ఫైలు నా చేతికిచ్చింది. దాని కింది కాగితం కృష్ణమోహన్ వాంగ్మూలం. అందులో ఇలా ఉంది. "లూసీ మేడమ్ నా పక్కనే ఉన్నారు. నేను మూత బిగించి సీలు వేసేదాకా ఎక్కడికీ కదల్లేదు."

నా ఉద్యోగం పోకూడదని అలా చెప్పాడు. నేను ఆ గదిలో ఏం చెప్పానో అతనికి తెలియదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన విచారణాధికారికి ఒకరు అబద్ధం చెప్తున్నారని అర్థమైంది. అతని కాగితం అంచున పెన్సిల్‌తో గీత గీశాడు. ఆ గీత ఇంకా ఉంది.

7. పదిహేడో పెట్టె, దాని మూత, లోపలి నురుగు దిమ్మలు, స్క్రూలతో సహా కృష్ణమోహన్‌కు. అతను ముందే పోతే సుధకు.

ఆ ఫైలు చూశాక కూడా క్యారీ వెళ్ళడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. 2022 జూన్‌లో జూడ్ నన్ను కారులో తీసుకువెళ్ళాడు. అయిదు గంటలు డ్రైవ్ చేశాడు, ఎందుకని ఒక్కసారి అడగలేదు, వాళ్ళింటి ముందు ఎండలో కారులోనే కూర్చున్నాడు. జూడ్, ఆ రోజుకు నీకు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కృష్ణమోహన్ గరాజ్‌లో పలక నునుపు చేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. జరిగిందంతా చెప్పాను. విన్నాడు. "ఎందుకు అలా చెప్పావు, నేను పక్కనే ఉన్నానని?" అని అడిగాను. "మీరు సంతకం పెట్టేశారు కదా మేడమ్. కాగితంలో మీరు చూశారనే ఉంది. నేను కాగితం ప్రకారం చెప్పాను" అన్నాడు. తర్వాత పలక మీద చెయ్యి ఆడిస్తూ, "గుంటలు ఇంకా పాడవ్వలేదా?" అని అడిగాడు. లేదన్నాను. "పసుపుపచ్చ నురుగు మంచిది, తెల్లది అయితే పొడైపోయేది" అన్నాడు. నన్ను క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. నేనూ అడగలేదు.

8. నిశాంత్‌కు నా భూతద్దం, ఏడో నోటు పుస్తకం. కంచు రేకు బొమ్మ నలభై రెండో పేజీలో ఉంది. మూడో వరస చివరి అక్షరం దగ్గర అగ్గిపుల్ల తలంత సొట్ట ఉంటుంది. శనివారాలు వెతుకు నాన్నా. మేనల్లుడి మాట నమ్మకు. కానీ దొరికిన తర్వాతే పేరు పెట్టు. అంతకు ముందు ఎవరి పేరూ ఎవరి దగ్గరా అనకు.

9. ఛాయాదేవికి ఏమీ రాయడం లేదు. ఆమె కోరిందే అది. సుధను ఎగ్జిక్యూటర్‌గా ఉండమని అడగడానికి పోయిన నెలలో ఫోన్ చేశాను. సుధ మొదట, "ఆంటీ, మీరు మమ్మల్ని దొంగలు అన్నారు. ఇప్పుడు మీ హౌస్ కీస్ నాకు ఇస్తారా?" అంది. ఇస్తాను, ఇంకెవరికీ ఇవ్వలేను అన్నాను. వాళ్ళమ్మను అడిగి చెప్తానని ఫోన్ పెట్టేసింది. తర్వాత, "ఓకే. బట్ మా అమ్మకి ఏం రాయొద్దు. అమ్మ చెప్పమంది" అంది. నా నల్లపూసల గొలుసు ఛాయాదేవికిద్దామని పక్కన పెట్టుకున్నాను. అది ఫెబీకి వెళ్తుంది.

10. ఆ రోజు క్యారీలో, నేను తప్పు చెప్పానని అందరి ముందూ చదువుతాను అంటే, కృష్ణమోహన్ "ఎందుకు మేడమ్ ఇప్పుడు, వదిలేయండి" అన్నాడు. వంటింట్లోంచి, అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడని ఛాయాదేవి గొంతు వినిపించింది. "చదవాలి. ఆ మాట ఎక్కడ పాకిందో అక్కడే చదవాలి. అదీ బతికుండగా."

అప్పటి నుంచి మూడేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాను. గొంతు బాగాలేదన్నాను, పాస్టరు గారు మారారన్నాను. అసలు కారణం భయం.

వచ్చే ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం, షాంటిలీ తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక నేను చదువుతాను. పాస్టరు గారి అనుమతి తీసుకున్నాను. బ్రహ్మయ్య గారు చర్చి మనిషి కాకపోయినా రమ్మని పిలిచాను, వస్తానన్నారు. ఆలోగా నేను పోతే, నా భూస్థాపన కూడికలో, నా గురించి ఎవరూ మంచి మాటలు మొదలుపెట్టకముందే, కింద ఉన్నది జూడ్ చదవాలి. ఫెబీ చదివితే మధ్యలో ఏడుస్తుంది. ముందు తెలుగులో, తర్వాత పిల్లల కోసం ఇంగ్లీషులో. ఒక నకలు మ్యూజియం బోర్డుకు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళాలి. అందినట్టు రసీదు సుధ దాచాలి. ఛాయాదేవి వస్తే, ఆమె కూర్చున్నాక మొదలుపెట్టాలి. రాకపోయినా చదవాలి.

చదవవలసింది:

"2005లో మన మధ్య నుంచి ఒక కుటుంబం వెళ్ళిపోయింది. కృష్ణమోహన్, ఛాయాదేవి, వాళ్ళ కూతురు సుధ. వాళ్ళు వెళ్ళిపోవడానికి కారణం నేను. కృష్ణమోహన్ ఏ వస్తువూ తీయలేదు. తీసినవాడు దొరికాడు, ఒప్పుకున్నాడు. మూత బిగించడం చూశానని నేను చూడకుండానే సంతకం పెట్టాను. విచారణలో, చూడలేదని చెప్పాను. కృష్ణమోహన్ మాత్రం నేను చూశానని చెప్పాడు. అతను చెప్పింది అబద్ధం, నా కోసం చెప్పాడు. నేను చెప్పింది నిజం, అదీ నా కోసమే చెప్పుకున్నాను. వాళ్ళు ఇల్లు ఎలా కొన్నారో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు, తెలుసుకోవలసిన అవసరం నాకు లేదు. ఆ మాట మీలో ఎవరైనా నా నోట విని ఇంకొకరికి చెప్పి ఉంటే, ఈ మాట కూడా వాళ్ళకు చెప్పండి."

పై పది అంశాలూ నేను రాసినవే. కొట్టివేతలు రెండు, ఆ రెండు చోట్లా పొడి సంతకం చేశాను.

తేదీ: 2025 మార్చి 14, శుక్రవారం
స్థలం: షాంటిలీ, వర్జీనియా

(సంతకం) నల్లి లూసీ సువర్త

లూసీ సువర్త గారు పై కాగితాలన్నిటి మీద మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు. ఆమె ఎదుట, ఒకరి ఎదుట ఒకరం, మేమూ సంతకం చేశాము. ఈ వీలునామా వల్ల మాకు ఏ లాభమూ లేదు.

సాక్షులు:
1. (సంతకం) రేష్మ గోళ్ళమూడి, షాంటిలీ
2. (సంతకం) విహాన్ చెరుకుపల్లి, హెర్న్‌డన్